అడీనియంపై జాలి పడకండి

ఈ సలహాలు వింటే మొక్కలంటే ప్రాణం పెట్టేవాళ్లకు కోపం రావచ్చు. అయినా చెబుతాను: జగదల్‌పూర్‌లో అడీనియం, అదే ఎడారి గులాబీ, బతకాలంటే దాన్ని సాకడం తగ్గించాలి. ఆఫ్రికాలోని సహెల్‌లో, అరేబియాలో రాళ్ల మధ్య పెరిగే జాతి అది. మన బస్తర్‌లో ఏడాదికి సుమారు 1,500 మిల్లీమీటర్ల వాన, అదీ చాలావరకు జూన్, సెప్టెంబరు మధ్యనే. ఇక్కడ దానికి గండం ఎండాకాలం కాదు, శ్రావణం.

అందుకే బలమైన మట్టి వేయకండి. సగానికి పైగా ముతక ఇసుక, చిన్న ఇటుక ముక్కలు. మిగతాది ఎర్రమట్టి, గుప్పెడు ఆకు ఎరువు. కుండీ ఇరుగ్గానే ఉండనివ్వండి. కొండగావ్ కుమ్మర్ల మట్టికుండీ అయితే మరీ మంచిది, గోడల్లోంచి కూడా తేమ ఆరుతుంది. కింద ప్లేటు మాత్రం తీసేయండి. అందానికని పెట్టే ఆ ప్లేటంటే నాకు ఒళ్లుమంట.

ముసురు పట్టగానే నీళ్లు మానేసి, వెలుతురు తగిలే చూరు కిందికి జరపండి. నేలలో పెట్టేవాళ్లు అడుగు ఎత్తు దిబ్బ పోసి దానిమీద నాటండి.

వానాకాలమంతా కాండం మొదట్లో ఉబ్బిన భాగాన్ని బొటనవేలితో నొక్కి చూస్తుండండి. పచ్చి బంగాళదుంపలా గట్టిగా ఉంటే భయం లేదు. మొత్తంగా కాస్త వడలితే దాహం. ఒక్కచోటే మెత్తబడి వేలు దిగిందా, అది కుళ్లు. వెంటనే పీకి, గోధుమరంగు పోయి తెల్లటి కండ కనిపించేదాకా కోయండి. కోసిన ప్రతిసారీ కత్తి తుడవాలి. నీడలో వారం పైగా ఆరనిచ్చి పొడిమట్టిలో నాటండి.

డిసెంబరు చలికి ఆకులు రాలుస్తుంది. చచ్చిపోతోందని నీళ్లు పోశారో, అప్పుడు నిజంగానే చస్తుంది. ఊరుకోండి.

ఫిబ్రవరి చివర్లో కొమ్మలన్నీ సగానికి కత్తిరించండి. పూత కొమ్మల కొసల్లోనే వస్తుంది. కోసినచోట రెండు మూడు చిగుళ్లు లేస్తాయి. ఇది గన్నేరు కుటుంబం, రసం విషం. ఆఫ్రికాలో బాణాలకు పూసేవారు. చేతులు కడుక్కోండి, కోసిన కొమ్మలు మేకలకూ పిల్లలకూ అందనివ్వకండి.

కాయలు జంటగా వస్తాయి. పగలకముందే దారం చుట్టండి. గింజకు రెండు కొసలా దూదికుచ్చు ఉంటుంది, విచ్చుకుంటే గాలికి ఎగిరిపోతాయి. తాజా గింజలైతే వారం పది రోజుల్లో మొలుస్తాయి.