బావగారి యాక్టివేటర్

మా బావ మలేషియాలోని పాసిర్ పెనంబాంగ్ రేవులో పీత కొనడం చూసి తీరాలి. తిరగేసి పొట్ట నొక్కుతాడు, కాళ్ళన్నీ ఉన్నాయా అని లెక్కపెడతాడు, ఈ పొద్దున పట్టిందేనని అమ్మే ఆవిడ ఒట్టేసినా ఇంకోసారి వాసన చూస్తాడు. ఇంతటి అనుమానపు మనిషి, ఊరూ పేరూ తెలియని ఎవడో ఇంటర్నెట్‌లో పెట్టిన యాక్టివేటర్‌ని మాత్రం కళ్ళకద్దుకుని కంప్యూటర్‌లోకి ఆహ్వానించాడు.

కువాలా సెలంగోర్‌లో బావకి చిన్న ప్రింటింగ్ కొట్టుంది. జిరాక్సులు, శుభలేఖలు, కంపుంగ్ కువాంతాన్‌లో మిణుగురులు చూడ్డానికొచ్చే వాళ్ళ కోసం కరపత్రాలు, ఏడాదికోసారి మనవాళ్ళ ఉగాది ఆహ్వానం. ఆ కొట్లోకి ఓ సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్ వచ్చింది. తెర మీద కుడివైపు కింది మూల 'యాక్టివేట్ విండోస్' అని బూడిదరంగు అక్షరాలు. అవి గిరాకీల కంటపడితే పరువు పోతుందని బావ బాధ. అంతకన్నా పెద్ద బాధ ఇంకోటుంది. మెలావతి కొండ మీద ఓ వెండికోతి ఆయన భుజమెక్కి కూర్చున్నప్పుడు మా అక్క తీసిన ఫోటోని వాల్‌పేపర్‌గా పెట్టుకోవాలని ముచ్చట. యాక్టివేట్ కాని విండోస్ సెట్టింగుల్లోంచి దాన్ని మార్చనివ్వదు.

యాక్టివేట్ కాకపోయినా విండోస్ మిగతా పనులన్నీ చేస్తుంది. ప్రింటు తీస్తుంది, అప్‌డేట్లు దించుకుంటుంది. నిబంధనల ప్రకారం లైసెన్స్ లేకుండా వాడకూడదు, అది వేరే సంగతి. కానీ బావ చేసిన సాహసానికి అసలు ఫలం లెక్కేస్తే ఒక కోతి బొమ్మ.

"పెర్చుమా లా! ఊరికే వస్తుంటే డబ్బు తగలేస్తామా?" అన్నాడు.

ఊరికే వచ్చిన ఆ సరుకు నేను దగ్గరుండి చూశాను. జిప్ ఫైలు, దానికో పాస్‌వర్డ్, ఆ పాస్‌వర్డ్ ఫైలు పేరులోనే 1234 అని రాసి ఉంది. అందరికీ కనబడేలా తాళంచెవి తగిలించాక తాళమెందుకు? మన కోసం కాదు, యాంటీవైరస్ కోసం. జిప్‌కి పాస్‌వర్డ్ ఉంటే అది లోపలికి తొంగిచూడలేదు. విప్పితే లోపల ఒక చీటీ. 'ముందు యాంటీవైరస్ ఆపండి. అది అరిస్తే పట్టించుకోకండి, తప్పుడు హెచ్చరిక.' కాపలావాణ్ణి సెలవు మీద పంపించెయ్యండి, తర్వాత మేమొస్తాం అని ఇంత మర్యాదగా ఉత్తరం రాసే దొంగ మన కథల్లో కూడా కనబడడు. బావ కాపలావాణ్ణి పంపించేశాడు. చిన్న కిటికీ తెరుచుకుంది, అందులో ఎర్ర మీట, వెనక వీడియోగేమ్ పాట. పాట మాత్రం బాగుంది, ఒప్పుకోవాలి. డబ్బిచ్చి కొన్న సాఫ్ట్‌వేర్ ఏదీ నాకింత హుషారైన సంగీతం వినిపించలేదు.

దీని కిటుకేమిటంటే, పెద్ద ఆఫీసుల కోసం మైక్రోసాఫ్ట్‌కి కేఎంఎస్ అనే పద్ధతుంది. ఆఫీసులోనే ఒక సర్వరు పెట్టుకుంటారు. కనీసం 25 కంప్యూటర్లు వచ్చి అడిగితే గానీ అది విండోస్‌ని యాక్టివేట్ చెయ్యదు. చేసినా 180 రోజులకే. ఈ దొంగ యాక్టివేటర్ బావ ల్యాప్‌టాప్‌లోనే ఒక ఉత్తుత్తి సర్వరు వేషం కడుతుంది. అంటే బావ కొట్టు ఒక మహా కార్పొరేషన్, అందులో బావ ఒక్కడే పాతిక మంది ఉద్యోగులు. 180 రోజులకోసారి గడువు తీరుతుంది గనక వేషగాడు ఇంట్లోనే మకాం పెట్టి గుట్టుగా తిరుగుతుంటాడు. వాడు ఇంకేం చేస్తున్నాడో అడిగేవాడు లేడు, కాపలావాణ్ణి ముందే సెలవు మీద పంపాం కదా.

కోతి తెర మీదికొచ్చింది. ఆ వారంలోనే కొట్టు ఫేస్‌బుక్ పేజీ పోర్చుగీసులో చలువకళ్ళద్దాలు అమ్మడం మొదలెట్టింది. బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డ్‌లన్నీ ఎవరో మూటకట్టుకుపోయారు. "వ్యాపారం బ్రెజిల్ దాకా విస్తరించింది బావా" అంటే మా అక్క నవ్వింది, బావ నవ్వలేదు.

ఇదేం కొత్త జబ్బు కాదు. కేఎంఎస్‌పికో అనే యాక్టివేటర్ పేరుతో తిరుగుతున్న నకిలీలో క్రిప్ట్‌బాట్ అనే పాస్‌వర్డ్‌ల దొంగ ఉందని 2021 డిసెంబరులో భద్రతా పరిశోధకులు బయటపెట్టారు. 2025 ఫిబ్రవరిలో మరో సంగతి తెలిసింది. రష్యా సైనిక గూఢచారుల 'సాండ్‌వార్మ్' ముఠా ఉక్రెయిన్‌లో కంప్యూటర్లలోకి చొరబడటానికి ఇలాంటి కేఎంఎస్ యాక్టివేటర్లనే ఎర వేసిందట. యుద్ధాలకు వాడే సరుకు మా బావ శుభలేఖలకు వాడుకున్నాడు.

దొంగ సరుకు పట్టే పనిలో మలేషియాకి మంచి చరిత్రే ఉంది. 2007లో ఇక్కడ లక్కీ, ఫ్లో అనే రెండు నల్ల లాబ్రడార్ కుక్కలు డీవీడీల వాసన పట్టి గోదాములకు గోదాములే బయటపెట్టాయి. వాటి తలలకు దొంగలు వెల కట్టారని అప్పట్లో పత్రికలు రాశాయి. అసలుదేదో నకిలీదేదో వాటికి తెలియదు, ప్లాస్టిక్ వాసన తగిలితే చాలు, కూర్చుండిపోయేవి. ఇప్పుడు డౌన్‌లోడ్‌కి వాసన లేదు. చట్టం మాత్రం అలాగే ఉంది. 1987 నాటి ఇక్కడి కాపీరైట్ చట్టం కింద నేరం రుజువైతే ఒక్కో కాపీకి 2,000 నుంచి 20,000 రింగిట్ల దాకా జరిమానా, లేదా 5 ఏళ్ళ దాకా జైలు, లేదా రెండూ. బావ ఆ అంకెలు విని, ల్యాప్‌టాప్ ఎంతకి కొన్నాడో గుర్తు చేసుకుని, నీళ్ళు తాగాడు.

పాస్‌వర్డ్‌లు ఫోన్‌లోంచి మార్చాం. ల్యాప్‌టాప్‌ని పూర్తిగా తుడిచేసి, మైక్రోసాఫ్ట్ సొంత సైటు నుంచి విండోస్ దించి పెన్‌డ్రైవ్‌తో మళ్ళీ ఎక్కించాం. ఇక్కడ కథ అడ్డం తిరిగింది. అది ఏ కీ అడక్కుండా తనంతట తనే హోమ్ ఎడిషన్ ఎంచుకుంది, నెట్ తగలగానే యాక్టివేట్ అయిపోయింది! పెద్ద కంపెనీల మెషిన్లకి విండోస్ 8 కాలం నుంచీ లైసెన్స్ కీ మదర్‌బోర్డులోనే పెట్టి పంపుతున్నారు. మధ్యలో ఎవరో పెద్దమనిషి హోమ్ తీసేసి ప్రో వేశాడు, దానికి తాళం కుదర్లేదు, అంతే. బావ తన సొంత ఇంట్లోకి కన్నం వేసుకుని దూరాడన్నమాట.

మిగతాది సులువే. వర్డ్ బదులు లిబ్రేఆఫీస్ వేశాం. నిజం చెప్పాలంటే వర్డ్‌లో చేసిన పట్టికలు అందులో అప్పుడప్పుడు అటూ ఇటూ జరుగుతాయి, సర్దుకోవాలి. మా మేనకోడలికి బడివాళ్ళిచ్చిన డెలిమా అకౌంటు ఉంది. దాంతో మైక్రోసాఫ్ట్ 365 వస్తుందని విని బావ కళ్ళు మెరిశాయి. "నాన్నా, అది హోంవర్క్‌కి" అని పిల్ల ల్యాప్‌టాప్ మూసేసింది.

అసలు పేచీ తెలుగు అక్షరాల దగ్గరొచ్చింది. బావ ఏళ్ళ తరబడి ఎవరో కాపీ చేసిచ్చిన పేజ్‌మేకర్, పాత నాన్-యూనికోడ్ ఫాంట్లతో లాక్కొస్తున్నాడు. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో, ఆ తర్వాత అడోబీ కొత్త వెర్షనే తేలేదు. అటు సిలికానాంధ్రవాళ్ళు విడుదల చేసిన యూనికోడ్ ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా ఉన్నాయి, చట్టబద్ధంగా. మండలి, రామభద్ర, సురవరం, గిడుగు, గురజాడ. పెద్దన, తిమ్మన, ధూర్జటి సహితంగా శ్రీకృష్ణదేవరాయలే కాణీ ఖర్చు లేకుండా కొట్లోకి దిగొస్తుంటే, కన్నపుదారిన తెచ్చుకునే ఖర్మేమిటి బావా అన్నాను. ఇంక్‌స్కేప్ అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో 'శుభలేఖ' అని రామభద్రలో కొట్టి చూపించాను. గుణింతాలన్నీ తమ చోట్లలో కుదురుగా కూర్చున్నాయి. బావ కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు.

మొన్న కొట్టుకెళితే గుమ్మం దగ్గర కొత్త బోర్డు: 'మీ ల్యాప్‌టాప్‌లో లైసెన్స్ ఉందో లేదో చూడబడును, 20 రింగిట్లు.'

"ఉచితంగా తెలిసే విషయానికి డబ్బులేమిటి బావా?" అన్నాను.

"ఊరికే చూస్తానంటే ఎవడూ నమ్మట్లేదురా" అన్నాడు.