కేసు కొట్టేశారు

మనుబోలు దగ్గర పల్లెలో నారుమడి నీళ్ళ కోసం రాత్రిపూట గొడవైంది. ఒక పెద్దాయన తల పగిలింది. ఆయన నెల్లూరు ఆసుపత్రిలో తెలివి లేకుండా పడి ఉండగా, తమ్ముడు స్టేషన్లో ఫిర్యాదు రాసిచ్చాడు. కేకలు విని మడి దగ్గరికి పరిగెత్తుకొచ్చిన కుర్రవాడి పేరు అందులోకి ఎక్కింది. అప్పటికి వాడు డిగ్రీ చదువుతున్నాడు.

రాజీకి వీల్లేని సెక్షన్. అందుకని కుర్రవాడి తండ్రి పెద్దమనుషుల చుట్టూ తిరిగి, సాక్షులు అడ్డం తిరిగేట్టు ఒప్పించాడు. తల పగిలినాయన బోనెక్కి "చీకట్లో ఎవరు కొట్టారో చూళ్ళేదయ్యా" అన్నాడు. బెనిఫిట్ ఆఫ్ డౌట్ కింద కేసు కొట్టేశారు. తండ్రి ఊరంతా లడ్లు పంచాడు.

కేసు కొట్టేస్తే మచ్చ పోయినట్టేనని మన ఊళ్ళలో అనుకుంటారు. పోలీసు కొలువు దగ్గర అలా కాదు. 2012 నవంబరు 30న, తమిళనాడు పోలీసు ఒకరి కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతి విప్పి చెప్పింది. 'ఆనరబుల్ అక్విట్టల్', 'ఫుల్లీ ఎగ్జానరేటెడ్' లాంటి మాటలు అప్పటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో ఎక్కడా లేవు, తీర్పుల్లోంచి పుట్టుకొచ్చాయి. సాక్ష్యమంతా పూర్తిగా పరిశీలించాక, నేరం ఏమాత్రం రుజువు కాలేదని తేలితే దాన్ని గౌరవంగా విడుదల కావడం అనుకోవచ్చు. సాక్షులు అడ్డం తిరిగినందువల్ల బయటపడితే ఆ గౌరవం దక్కదు. తప్పు చేసినవాడి సంగతి సరే. ఏ పాపం ఎరగని పిల్లవాడు కూడా అదే వరసలో నిలబడాల్సి రావడం తలుచుకుంటే నాకు కడుపు తరుక్కుపోతుంది. వాడి నిజం కోర్టులో ఎవరూ పలకనే లేదు.

కుర్రవాడు కానిస్టేబుల్ రాతపరీక్ష, పరుగు అన్నీ నెగ్గాడు. అటెస్టేషన్ ఫారంలో కేసు సంగతి దాచకుండా రాశాడు. ఉద్యోగం ఇవ్వడం కుదరదని కాగితం వచ్చింది.

అది పట్టుకుని నేరుగా పెద్దాయన ఇంటికెళ్ళాడు.

"పెదనాయనా, నిన్ను కొట్టింది నేను కాదని నీకు తెలుసు గదా?"

"తెలుసు నాయనా."

"మరి ఆ మాటే బోనులో ఎందుకు చెప్పలేదు? చూళ్ళేదని ఎందుకన్నావు?"

పెద్దాయన చాలాసేపు మాట్లాడలేదు.

"నువ్వు కాదంటే, మరెవరని అడుగుతారు గదరా. మీ నాయన పేరు చెప్పమంటావా?"