జలుబు సిరప్పు

కానుపుకు వచ్చిన మా అమ్మాయి జమ్మలమడుగులోనే ఉండిపోయింది. మనవడికి ఎనిమిదో నెల. రాత్రిళ్లు గంటకోసారి లేచి ఏడ్చేవాడు. అసలే ఎండాకాలం, మిద్దె మీద పడుకున్నా పెన్న మీంచి వేడిగాలే వచ్చేది. దిష్టి తీశాం, పొట్టకు ఆముదం రాశాం. పగలు అన్నం ముందు కూర్చుంటే, ముద్ద చేతిలో ఉండగానే నా కూతురికి కళ్లు మూతలు పడేవి.

అది చూడలేక నేను చేసిన పని తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. జలుబు సిరప్పు తాగితే పిల్లలు బాగా నిద్రపోతారని ఎవరో అంటే విని, ఎవరికీ చెప్పకుండా వాడికి పట్టాను. ఆ రాత్రి లేవలేదు. తెల్లారినా లేవలేదు. పాలకు నోరు తెరవలేదు. చెయ్యి ఎత్తి వదిలితే వాలిపోయింది. అప్పుడు చెప్పాను కూతురికి. ఆటోలో పోతున్నంతసేపూ వాడి పొట్ట కదులుతోందా లేదా అని చూస్తూనే ఉన్నాను.

డాక్టరమ్మ సీసా తెమ్మంది. నాలుగేళ్లలోపు పిల్లలకు వాడకూడదని దాని మీదే సన్నటి ఇంగ్లీషు అక్షరాల్లో ఉంది. క్లోర్‌ఫెనిరమైన్, ఫినైలెఫ్రిన్ కలిసిన మందుల మీద అలా రాయాలని కేంద్ర ఔషధ నియంత్రణ అధికారులు 2023 డిసెంబరులోనే ఆదేశించారు. వెనకటికి పనికి పోయే తల్లులు పిల్లలకు నల్లమందు పెట్టేవాళ్లని వింటే అయ్యో అనుకునేవాణ్ణి. వాళ్లకు తెలియదు. నేను చదువుకున్నవాణ్ణి, కళ్లజోడు పెట్టుకుని ఒక్కసారి చదివి ఉంటే చాలు.

సాయంత్రానికి తేరుకున్నాడు. రాత్రిళ్లు లేచి ఏడవడం జబ్బేమీ కాదంది డాక్టరమ్మ. పసిపిల్లల నిద్ర గంటలోపే ఒక విడత ముగుస్తుంది, మధ్యలో మెలకువ రావడం సహజం. ఆ వయసులో అమ్మ పక్కన లేదేమోనన్న దిగులు కూడా తోడవుతుంది. నిద్ర కావలసింది నా కూతురికి. రాత్రంతా ఆమె ఒక్కతే వాణ్ణి మోస్తుంటే, లేచి ఎత్తుకోవాలని నాకు తట్టనే లేదు.

ఆ రోజు నుంచి పెందలాడే టీవీ కట్టేసేవాళ్లం. స్నానం, పాలు, చిన్న దీపం, రోజూ అదే వరస. కళ్లు మూసుకునే మూలిగితే ఎత్తుకునేవాళ్లం కాదు, చాలాసార్లు వాడే సర్దుకునేవాడు. నిజంగా లేచి ఏడిస్తే పాలు తాగించి నాకిచ్చి, అమ్మాయి పడుకునేది. మెలకువలు మానలేదు గానీ ఆమె కంటికి కాస్త కునుకు దొరికింది.

అల్లుడు వచ్చినప్పుడు సీసా చూపించి జరిగిందంతా నేనే చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మామా, నేనున్నన్ని రోజులు తెల్లవారుజాము నేను చూసుకుంటా, మీరు పడుకోండి" అన్నాడు.