ఆర్‌పీఎం బాబాయ్

మా కాలనీలో ఎవరికైనా కారు కొనే యోగం పట్టిందంటే, ఆ కబురు ఆర్‌పీఎం బాబాయ్ చెవిన పడకుండా చూసుకోవడం వాళ్ల మొదటి పని. పడిందా, సాయంత్రానికల్లా గుమ్మంలో ప్రత్యక్షం. మనం మైలేజీ అంటే ఆయన కళ్లు మూసుకుంటారు. డిక్కీలో ఎన్ని సూట్‌కేసులు పడతాయంటే చెవులు మూసుకుంటారు. "అవన్నీ సరే అబ్బాయ్, రెడ్‌లైన్ ఎంత?" అంటారు. అంటే ఇంజను నిమిషానికి ఎన్ని చుట్లు (ఆర్‌పీఎం) తిరగొచ్చన్న హద్దు. చెప్పలేకపోతే మన బతుకంతా వృథా అన్నట్టు ఒక చూపు చూస్తారు.

ఈ జాతి మనిషి హైదరాబాదులో కాలనీకొకరు ఉంటారు. వయసు యాభై దాటి ఉంటుంది. ఇంట్లో ఎంత కొత్త కారున్నా అది ఎండలోనే. షెడ్డు మాత్రం పాత హోండా సిటీ వీటెక్‌ది. ఒకటిన్నర లీటరు ఇంజను, 106 హార్స్‌పవర్. 2003లో దాని స్థానంలో మైలేజీ చూసుకునే కొత్త సిటీ వచ్చి, పవర్ ఎనభైకి లోపు పడిపోయింది. ఆ ఏడాది సంగతి ఎత్తితే బాబాయ్ కాఫీ కూడా ముట్టరు.

వీటెక్ అంటే ఏమిటని ఆయన్ని అడగకూడదు. అడక్కపోయినా చెప్తారనుకోండి. మొన్నొక పెళ్లి పంక్తిలో నా ప్రారబ్ధం కొద్దీ ఆయన పక్కన కూర్చున్నాను. సాంబారులోంచి మూడు ములక్కాడ ముక్కలు ఏరి ఆకు మీద పక్కపక్కన పేర్చారు.

"ఇవి మూడూ రాకర్ ఆర్మ్‌లు. ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడు అటుదీ ఇటుదీ మాత్రమే వాల్వులు తెరుస్తాయి. అదీ కొద్దిగా, కొద్దిసేపు. మధ్యది ఉత్తినే ఊగుతూ ఉంటుంది."

"ఉమ్మడి కుటుంబంలో నడిపివాడిలాగా" అన్నాను.

"అంతే! అయిదు వేల ఆర్‌పీఎం దరిదాపులకు రాగానే ఆయిల్ ప్రెషర్ తోసుకొచ్చి..." పళ్లపుల్ల తీసి మూడు ముక్కల్లోంచీ అడ్డంగా గుచ్చారు. "పిన్ను దిగింది! మూడూ ఒకటైపోయాయి. ఇక నడిపివాడిదే పెత్తనం. వాడి క్యామ్ ఎత్తు ఎక్కువ కనక వాల్వు ఇంకా లోతుగా, ఇంకా ఎక్కువసేపు తెరుచుకుంటుంది. గాలి దండిగా లోపలికి!"

వడ్డించే కుర్రాడు వంగి చూసి, "ఈ ఐటం మేం చేయలేదు సార్" అన్నాడు.

"పెద్ద ఇంజను పెట్టి పవర్ తెప్పించడం ఎవడైనా చేస్తాడు. చిన్న ఇంజనుతో తెప్పించాలంటే అది ఎక్కువసార్లు గాలి పీల్చాలి" అన్నది బాబాయ్ సిద్ధాంతం. ఆ మాటకు వంక పెట్టలేం. 1989లో హోండా ఇంటెగ్రాలో ఈ విద్య మొదటిసారి చూపించినప్పుడు 1.6 లీటర్లకే 160 హార్స్‌పవర్ వచ్చింది. 1997 సివిక్ టైప్ ఆర్‌లో అంతే సైజు ఇంజను 8,200 ఆర్‌పీఎం దగ్గర 185 ఇచ్చింది. సిలిండర్ వెడల్పు 81 మిల్లీమీటర్లు, పిస్టన్ నడిచే దూరం 77.4. ఆ దూరం పొట్టిది కాబట్టే అంత తిరుగుడుకు తట్టుకుంది. అయినా పిస్టన్ సెకనుకు దాదాపు 137 సార్లు కిందికి పోయి పైకి రావాలి. సగటున గంటకు 76 కిలోమీటర్ల వేగం. "అమీర్‌పేటలో ఏ కారైనా పోతుందా ఆ స్పీడులో?" అంటారు బాబాయ్ గర్వంగా.

పోదు. ఆయన కారూ పోదు, అదే ఆయన బాధ. అయిదు వేలకు గానీ ఒళ్లు విరుచుకోని ఇంజనుకు, రెండు వేలు దాటనివ్వని ఊరు దొరికింది. అందుకే ఫ్లైఓవర్ కనిపిస్తే చాలు, రెండో గేరులోనే తొక్కుతారు. "ఏవండీ, గేరు మార్చండి, అందరూ చూస్తున్నారు" అంటుంది పిన్ని. "ఆగవే, నాలుగున్నర వచ్చింది!" అనేలోపు ఆటో అడ్డం వస్తుంది.

ఔటర్ రింగ్ రోడ్డు ఉందిగా అంటారేమో. అక్కడ హద్దు 120. బాబాయ్ బ్యాంకు ఆడిట్‌లో పనిచేసి రిటైరైన మనిషి, హద్దు దాటరు. అలాగని పిన్ను దిగకుండా ఇంటికీ రారు. కనక మూడో గేరు దాటరు. శంషాబాదులో ఎవరిని దింపాలన్నా తాళాలు పట్టుకుని తయారు. ఆయన కారు దిగి విమానం ఎక్కినవాళ్లు, అది చప్పుడే చేయలేదంటారు.

ఆదివారం పొద్దున ఆయిల్ పూజ. పిన్ని ఇస్త్రీ చేసి పెట్టిన తెల్ల రుమాలుతో డిప్‌స్టిక్ తుడుస్తారు, ముంచుతారు, తీస్తారు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఆయిల్ రుద్ది, వాసన చూసి, ఫోను తీస్తారు. అవతల మెకానిక్ గొంతు: "మొన్ననే మార్చినం గద సార్! మీరు బండి నడపకుండ ఆయిల్ ఎట్ల ఖరాబైతది?"

పోయిన నెల కూతురు ఎలక్ట్రిక్ కారు కొంది. బాబాయ్ చుట్టూ తిరిగి చూశారు. గేర్లు లేవు, క్యామ్ లేదు, తుడవడానికి డిప్‌స్టిక్ అసలే లేదు. చివరికి జాలిగా, "రెడ్‌లైన్ ఎంతమ్మా?" అన్నారు.

"మోటారు పది వేలు దాటి తిరుగుతుంది నాన్నా."

బాబాయ్ ముఖంలో రంగు మారింది. ఆ అంకె కోసం ఆయన ఇరవై ఏళ్లుగా అందరినీ చిన్నచూపు చూశారు. కాసేపటికి తేరుకుని, చొక్కా సర్దుకున్నారు.

"తిరిగితే సరిపోయిందా? వీధి వీధంతా తెలియొద్దూ!"