తల్లిదండ్రులకు ముఖ్య గమనిక

ఖతర్‌లో ఒకటో తరగతి చదవాలంటే కనీసం ముప్ఫై ఏళ్లు నిండి ఉండాలి. డిగ్రీ తప్పనిసరి, బీటెక్ అయితే మరీ మంచిది. కత్తెర, ఫెవికాల్, కలర్ ప్రింటరు సొంతంగా ఉండాలి. రాత్రి పదకొండు దాటాక మేలుకోగలగాలి, తెల్లారి నాలుగున్నరకి లేవగలగాలి. ఇంట్లో పిల్లలు కూడా ఉంటే సౌకర్యం. తయారైన పని మోసుకెళ్లి టీచరుకి అప్పజెప్పడానికి ఎవరో ఒకరు కావాలి కదా.

దోహాలో ఇండియన్ స్కూళ్లకి కరువు లేదు. 1974 నాటి ఎంఇఎస్ ఇండియన్ స్కూల్ దగ్గర్నుంచి నిన్నగాక మొన్న బోర్డు కట్టినవాటి దాకా డజనుకి పైనే ఉన్నాయి. కరువల్లా సీట్లకే. ఇల్లు బిన్ ఒమ్రాన్‌లో, స్కూలు అల్ వక్రాలో, మధ్యలో ఊరంతా తిరిగే బస్సు అని చెబితే జాలిపడేవాళ్లు ఎవరూ ఉండరు. "అదృష్టవంతులండీ, సీటు దొరికింది" అంటారు. ఇండియా నుంచి మధ్యలో వచ్చి చేరే పిల్లాడి సంగతి ఇంకా ఘనం. వాడు రెండో క్లాసు నిజంగానే పాసయ్యాడని వరంగల్ హెడ్మాస్టరు చెబితే చాలదు. ఆ టీసీ రాష్ట్ర విద్యాశాఖ గడప తొక్కి, ఢిల్లీలో విదేశాంగ శాఖ ముందు నిలబడి, ఖతర్ ఎంబసీ ముద్ర వేయించుకుని విమానం ఎక్కాలి. ఇంతా చేసి వాడికొచ్చింది ఆరో ఎక్కం దాకా. రెండు ప్రభుత్వాలు పూచీపడ్డ ఆ ఎక్కాలు ఇక్కడ దిగిన వారానికే మర్చిపోతాడు.

ఇక్కడ వారం ఆదివారంతో మొదలవుతుంది. హైదరాబాద్ బంధువులకి ఇది ఎన్నేళ్లయినా ఎక్కదు. ఆదివారం పొద్దున ఫోన్ చేసి, "సెలవే కదా, బుజ్జిగాణ్ణి ఇవ్వండి, మాట్లాడతాం" అంటారు. బుజ్జిగాడు అప్పటికే అసెంబ్లీలో రెండు దేశాల జాతీయ గీతాలూ పాడేసి నిలబడి ఉంటాడు. వాణ్ణి అక్కడికి చేర్చడానికి నాలుగున్నరకి అలారం మోగింది, వాడికి కాదు, మనకి. నిద్రలోనే నిలబెట్టి, ఒక చేత్తో పళ్లు తోమి, ఇంకో చేత్తో బెల్టు పెట్టి, ఐదున్నరకి వచ్చే బస్సు కోసం ఐదుంబావుకే లిఫ్టు దగ్గరికి దించితే, వాడు కళ్లు తెరిచి అడిగే మొదటి మాట: "మమ్మీ, ఇవాళ ఏ డే?"

మంచి ప్రశ్నే. ఎందుకంటే టిఫిన్ డబ్బా దాన్నిబట్టే. ఆదివారం పండు, సోమవారం మొలకలు, మంగళవారం సాంప్రదాయ వంటకం, బుధవారం శాండ్‌విచ్, గురువారం మీ ఇష్టం, అయితే మీ ఇష్టంలో చిప్స్, చాక్లెట్, నూడుల్స్ ఉండకూడదు. మాకు తెలిసిన ఒక గోదావరి జిల్లా తల్లి మంగళవారం కదా అని ముచ్చటపడి దిబ్బరొట్టె కాల్చి పెట్టింది. డైరీలో ఎర్ర సిరాతో తిరిగొచ్చింది: "కేక్ ఈజ్ నాట్ అలవ్డ్." మర్నాటి నుంచి ఆవిడ సాంప్రదాయం మార్చేసింది. ఇప్పుడు వాళ్లింట్లో మంగళవారం సాంప్రదాయ వంటకం బ్రెడ్డూ జామూ. ఎర్ర సిరా రాలేదు.

ఇక సమాచార శాఖ. ప్రతి తల్లికీ తండ్రికీ వాట్సాప్‌లో కనీసం మూడు గ్రూపులు. మొదటిది స్కూలుది, అందులో టీచరు మాత్రమే రాయగలరు, మనం చదివి వణకాలి. రెండోది పేరెంట్స్‌ది, మొదటి గ్రూపులో వచ్చింది అర్థం కానివాళ్లు అర్థం కానివాళ్లనే అడిగే చోటు. మూడోది, రెండో గ్రూపులో ఎక్కువగా మాట్లాడే ఆ ఒక్కావిణ్ణి చేర్చకుండా పెట్టుకున్నది. రాత్రి పదింటికి టీచరు "ప్లీజ్ సెండ్ బ్రౌన్ పేపర్ టుమారో" అంటారు. అంతే. బ్రౌన్ పేపరా, బ్రౌన్ చార్టా? ఏ4 సైజా, ఏ3నా? అట్ట వేసే బ్రౌనా, మట్టి రంగు బ్రౌనా? ఒకాయన ఫోటో పెడతాడు. ఇంకొకాయన అది టాన్ కలర్ అంటాడు. ఒక పాకెట్ ఎక్కువుంది, ఎవరికైనా కావాలా అని మన్సూరా నుంచి ఒక పుణ్యాత్మురాలు అంటే, పన్నెండు మంది ఆవిడ ఫ్లాట్ నంబరు అడుగుతారు. అర్ధరాత్రి దాటాక టీచరు మళ్లీ ప్రత్యక్షమై, "సారీ పేరెంట్స్, రాంగ్ గ్రూప్" అంటారు. పాపం ఆ టీచరుని ఏమీ అనలేం. ఆవిడకీ ఇంట్లో ఒకటో క్లాసు ఉంది. ఆ కాగితం ఆవిడ కూడా వెతుకుతోంది.

2020లో ఢిల్లీ పెద్దలు స్కూల్ బ్యాగ్ పాలసీ అని ఒకటి రాశారు. రెండో క్లాసు దాకా అసలు హోంవర్కే ఉండకూడదన్నారు. మూడు నుంచి ఐదు దాకా వారానికి రెండు గంటలు మించకూడదన్నారు. ఒకటి, రెండు క్లాసుల పిల్లల సంచి 1.6 నుంచి 2.2 కిలోల లోపే ఉండాలని తూకం కూడా వేసి చెప్పారు. మన బడులు సముద్రం దాటి వచ్చినప్పుడు ఆ పాలసీకి వీసా దొరికినట్టు లేదు. అబద్ధమెందుకు, హోంవర్కు అనే మాట మాత్రం నిజంగానే పోయింది. దాని స్థానంలో యాక్టివిటీ వచ్చింది, ప్రాజెక్టు వచ్చింది, ఆర్ట్ ఇంటిగ్రేషన్ వచ్చింది, ఫన్ టాస్క్ వచ్చింది. పిల్లలకి హోంవర్కు వద్దన్నారు గానీ, తల్లిదండ్రులకి వద్దని ఎవరన్నారు?

ఆ ఫన్ ఎలా ఉంటుందో ఒకటి చూడండి. "మీ పిల్లలు స్వయంగా సేకరించిన ఐదు రకాల ఆకులను పుస్తకంలో అంటించండి." ఎడారిలో ఐదు రకాల ఆకులు! ఖర్జూరం చెట్టు ఆకు పుస్తకంలో పట్టదు. వేపాకు దొరికింది, సంతోషం. మిగతా వాటి కోసం ఆఫీసు నుంచి వచ్చిన నాన్నలు సెల్‌ఫోన్ టార్చి వేసుకుని ఆస్పైర్ పార్కులో చెట్ల కింద వంగి వంగి నడుస్తుంటే, సెక్యూరిటీ గార్డు దూరం నుంచి చూస్తున్నాడు. మాలో తెలివైన తండ్రి ఒకాయన ఆ తిప్పలేమీ పడలేదు. నేరుగా లులూకి వెళ్లి పుదీనా, కొత్తిమీర, కరివేపాకు, తోటకూర, బిర్యానీ ఆకు తెచ్చి వరసగా అంటించి పంపాడు. పుస్తకానికి స్టార్ వచ్చింది. ఆ రాత్రి ఇంట్లో పప్పు మాత్రం తాలింపు లేకుండా వచ్చింది.

డిసెంబర్ వస్తే జెండా. పద్దెనిమిదో తారీఖు ఖతర్ నేషనల్ డే. మెరూన్ రంగుకీ తెలుపుకీ మధ్య తొమ్మిది మొనలు ఉండాలి. 1916లో బ్రిటిష్‌వాళ్లతో కుదిరిన ఒప్పందంతో గల్ఫ్ సంస్థానాల వరసలో ఖతర్ తొమ్మిదోదిగా చేరిందని ఆ తొమ్మిదికి కారణం చెబుతారు. ఆరేళ్ల పిల్లలకి కూర్చోబెట్టి చెప్పదగ్గ కథ ఇది. ముత్యాల కోసం ఊపిరి బిగబట్టి సముద్రంలో దూకిన మనుషులున్నారు, గ్యాస్ పడకముందు పడవలే బతుకైన ఊళ్లున్నాయి. చెప్పేందుకు టైమేదీ? రాత్రి పదకొండున్నరకి, రాస్ లఫ్ఫాన్‌లో పైపులైన్లకి డ్రాయింగులు గీసే ఒక ఇంజినీరు స్కేలూ ప్రొట్రాక్టరూ పెట్టి తొమ్మిది మొనలు మిల్లీమీటరు తేడా రాకుండా కోస్తున్నాడు. కొడుకు పక్కగదిలో నిద్రపోతున్నాడు. మర్నాడు టీచరు ఆ జెండా పట్టుకుని, "ఇందులో మొనలు ఎన్ని, నాన్నా?" అని అడిగితే, వాడు నిజాయితీగా, "డాడీకి తెలుసు మిస్" అన్నాడు.

జెండాతో అయిపోలేదు. అదే రోజుకి మగపిల్లలకి తెల్ల తోబు, ఆడపిల్లలకి జరీ అంచు బుఖ్‌నక్. సూక్ వాకిఫ్ సందుల్లో మీకెదురయ్యే ఇండియన్ తల్లుల్లో సగం మంది షాపింగుకి వచ్చినవాళ్లు కారు, సర్కులర్ పంపగా వచ్చినవాళ్లు. ఫిబ్రవరి రెండో మంగళవారం నేషనల్ స్పోర్ట్స్ డే, తెల్ల బూట్లు. రంజాన్ నెల సగంలో గరంగావ్, మెడలో గుడ్డ సంచి, అందులో పప్పులూ మిఠాయిలూ. మంచిదే, ఉంటున్న నేల పండగ పిల్లలకి తెలియాలి. దానికి తోడు మన పంద్రాగస్టు, చిల్డ్రన్స్ డే, హిందీ దివస్, ఓనం రోజున కసవు చీర. ఉగాదికి మాత్రం ఏ సర్కులరూ రాదు. ఆ ఒక్క పండక్కే తల్లిదండ్రులకి విశ్రాంతి దొరుకుతుంది కాబట్టి, మనవాళ్లూ ఎప్పుడూ అడగరు.

తెలుగు మాటెత్తాం కాబట్టి అదీ కానిద్దాం. పిల్లాడు ఇంగ్లీషు చదువుతాడు, హిందీ రాస్తాడు, అరబ్బీ దిద్దుతాడు. ఇంట్లో ముద్దొస్తే ఇంగ్లీషు, కోపమొస్తే తెలుగు. అందువల్ల వాడి తెలుగు నిఘంటువులో వెధవ, దున్నపోతు, నోర్ముయ్, చంపేస్తా తప్ప మరేం చేరలేదు. తెలుగు కళా సమితి, ఆంధ్ర కళా వేదిక లాంటి సంఘాలు వేదికలు కడుతున్నాయి కాబట్టి ఏడాదికొక పద్యమైనా వాడి నోట వినిపిస్తోంది. అదీ ఇంగ్లీషు అక్షరాల్లో రాసిచ్చిన కాగితం చూసి. కింద వీడియో తీస్తున్న నాన్న కళ్లలో నీళ్లు. ఎందుకో అడక్కండి.

ఓపెన్ హౌస్ గురించి రెండు ముక్కలు చాలు. ఆంధ్రాలో 2024 డిసెంబర్ 7న ప్రభుత్వ బడులన్నిట్లో ఒకేరోజు మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ పెడితే పేపర్లన్నీ రాశాయి. మాకిక్కడ ప్రతి మీటింగూ మెగానే. వరసలో నిలబడి, మన వంతు వచ్చాక "మావాడికి ఏ2 ఎందుకొచ్చింది?" అని అడగం. "పక్కింటివాళ్ల అమ్మాయికి ఏ1 ఎలా వచ్చింది?" అని అడుగుతాం. ఇద్దరి ప్రాజెక్టులూ ఒకే ప్రింటర్లో వచ్చినవని తెలుసు కాబట్టి బాధ.

ఇంత సమాచారం మధ్య అడగాల్సిన ప్రశ్నలు కొన్నున్నాయి. 2022 సెప్టెంబర్ 11, ఆదివారం. అల్ వక్రాలో కిండర్‌గార్టెన్‌కి వెళ్లిన నాలుగేళ్ల భారతీయ పాప బస్సులోనే నిద్రపోయింది. అందరూ దిగారు. ఎవరూ వెనక సీట్లు చూడలేదు. తలుపులు వేసి బస్సుని ఎండలో నిలిపారు. పాప బతకలేదు. విద్యాశాఖ ఆ కిండర్‌గార్టెన్‌ని మూయించింది. ఇక్కడ జూన్ 1 నుంచి సెప్టెంబర్ 15 దాకా పొద్దున పదింటి నుంచి మధ్యాహ్నం మూడున్నర వరకు ఆరుబయట కూలిపని చేయించడం నిషేధం, ఆ ఎండ అలాంటిది. ఆ నిషేధం ఇంకా ముగియని రోజుల్లో జరిగిందిది.

కొన్నాళ్లు అందరం భయపడ్డాం. తర్వాత మళ్లీ చార్టుల్లో పడ్డాం. బస్సు గురించి మన గ్రూపుల్లో వచ్చే ప్రశ్నలు ఏవి? ఏసీ బాగా పనిచేస్తోందా, మా బాబుకి కిటికీ సీటు ఇస్తారా, బస్సులో ఇంగ్లీషులోనే మాట్లాడుతున్నారా. పిల్లలంతా దిగాక చివరి సీటు దాకా నడిచి చూసేది ఎవరు, చూశామని ఎక్కడ సంతకం పెడతారు, పిల్లాడు క్లాసుకి రాకపోతే ఎన్ని నిమిషాల్లో ఇంటికి ఫోన్ వస్తుంది? ఈ మూడూ అడిగిన మెసేజ్ ఒకసారి చూశాను. కింద ఒక నమస్కారం బొమ్మ, ఆ కిందే "ఫ్రెండ్స్, గ్లిట్టర్ పెన్ ఎక్కడ దొరుకుతుంది?"

ఇక ఆ బస్సు నడిపే మనిషి. మా వీధికొచ్చే బస్సు డ్రైవరుది జగిత్యాల వైపు. ఆయనకీ రెండో క్లాసు చదివే బిడ్డ ఉంది, ఊళ్లోనే. ఖతర్‌కి కుటుంబాన్ని తెచ్చుకోవాలంటే ప్రైవేటు ఉద్యోగికి నెలకి 10,000 రియాల్స్ జీతం ఉండాలి, కంపెనీ కుటుంబానికి ఇల్లిస్తే 6,000. బస్సు డ్రైవరు జీతం ఆ రెండు గీతలకీ చాలా కింద. అంచేత ఎవరి పిల్లలు తండ్రి దగ్గర ఉండాలో, ఎవరి పిల్లలు ఫోన్లో ఉండాలో సాలరీ సర్టిఫికెటే తేలుస్తుంది. "ఈడ ఐదైతే ఆడ ఏడున్నర సార్. బిడ్డ బడికి వొయ్యే యాళ్ల గప్పుడే. ఇమోల జెర మొకం జూపిస్తె నవ్వుకుంట పోతది, లేకుంటె మారాం జేస్తది" అన్నాడోసారి. బండి పక్కకి ఆపి, మొదటి స్టాపుకి ముందే, ఆయన చేసే ప్రైమరీ స్కూలు డ్యూటీ మొత్తం అదే. టిఫిన్ డబ్బా లేదు, చార్టు లేదు, ఓపెన్ హౌస్ లేదు.

మొన్నొక రోజు ఆ బిడ్డ మారాం ఎక్కువ చేసినట్టుంది. బస్సు ఐదు నిమిషాలు లేటయింది. ఐదూ ముప్ఫై ఒకటికి గ్రూపులో మొదటి మెసేజ్. "ఇది బాధ్యతారాహిత్యం. కంప్లైంట్ పెడుతున్నాను. ఒప్పుకునేవాళ్లు ప్లస్ వన్ పెట్టండి." బస్సు వచ్చేలోపే ఇరవై ప్లస్ వన్లు. గరంగావ్ సంచులకి ఇంత ఐకమత్యం రాలేదు. సాయంత్రానికి స్కూలు నుంచి సర్కులర్: తల్లిదండ్రుల విజ్ఞప్తి మేరకు, డ్యూటీ మొదలయ్యాక బస్సు సిబ్బంది ఫోన్ వాడరాదు, ట్రిప్ మధ్యలోనే కాదు, ఆగి ఉన్నప్పుడు కూడా. చప్పట్ల బొమ్మలు, థాంక్యూ మేడమ్‌లు, పిల్లల భద్రతకి మీరు చూపే శ్రద్ధకి కృతజ్ఞతలు.

ఆ చప్పట్ల కిందే, పొద్దున్న కంప్లైంట్ మొదలుపెట్టినావిడే రాసింది: "మేడమ్, మా బాబు ఐదున్నరకి తయారు కాలేకపోతున్నాడు. బస్సు ఒక పది నిమిషాలు లేటుగా వచ్చేలా చూడగలరా ప్లీజ్?"

ప్లస్ వన్, ప్లస్ వన్, ప్లస్ వన్.