అమావాస్యకి వాయిదా ఉండదు

సూరత్‌లో ఏ పనైనా మొదలుపెట్టడం సులువు. ఖటోదరా గల్లీలో నిలబడి "నాలుగొందల చీరలు కావాలి" అని కాస్త గట్టిగా అంటే చాలు. నూలు అమ్మేవాడు, నేయించేవాడు, రంగు వేయించేవాడు, ఆ ముగ్గురూ తనకి బాగా తెలుసనే దలాలూ చాయ్ చల్లారేలోపు చేరిపోతారు. పూర్తి చెయ్యడం దగ్గరే కొంచెం తిరకాసు.

బతుకమ్మకి మన ఆడవాళ్లందరికీ ఒకే రకం చీరలు పంచాలని ఒక ఏడు మా కులపెద్దలు తీర్మానించారు. లింబాయత్, ఉధనా, డిండోలీల్లో ఉన్న మావాళ్లలో చాలామంది తాతలు కరీంనగర్, నల్లగొండ, వరంగల్ వైపు నుంచి మగ్గాల పనికి వచ్చినవాళ్లే. నేసేది వాళ్లే, కట్టుకునేది వాళ్లే, వంక పెట్టేదీ వాళ్లే. నేను ఖటోదరాలో ఓ లూమ్ కార్ఖానాలో లెక్కలు రాస్తాను. "తమ్మీ, నీకు ఎక్సెల్ వస్తది గద, గీ పని నువ్వే జూస్కో" అన్నాడు ఓ పెద్దమనిషి. నా నియామకం అంతటితో అయిపోయింది. జీతం ప్రస్తావన రాలేదు.

హెచ్చరిక మాత్రం వచ్చింది: "2017 లెక్క జెయ్యకు." ఆ ఏడాది తెలంగాణ ప్రభుత్వం కోటికి పైగా బతుకమ్మ చీరలు పంచాలనుకుంది. అన్ని చీరలు వేళకి నెయ్యడం సిరిసిల్ల మగ్గాల వల్ల కాకపోవడంతో పెద్ద భాగం మా సూరత్ నుంచే వెళ్లింది. చీరలు పండక్కి అందాయి. అందుకున్న వాళ్లలో చాలామందికి నచ్చలేదు, కొన్నిచోట్ల రోడ్డు మీదే తగలబెట్టారు. తర్వాతి ఏడాది నుంచి ఆర్డరు సిరిసిల్లకే ఇచ్చారు. గడువు దాటకపోయినా పని చెడుతుందనడానికి అంతకన్నా పెద్ద పాఠం ఏ బిజినెస్ స్కూల్లోనూ దొరకదు.

సరే, ఎక్సెల్ తెరిచాను. ఏ పని ఆలస్యమైతే మొత్తం ఆలస్యమవుతుందో ముందే గీసి చూపించే క్రిటికల్ పాత్ అనే పద్ధతిని 1950ల చివర్లో అమెరికాలో డూపాంట్ కంపెనీవాళ్లు తయారుచేశారు. లోకానికి నైలాన్ ఇచ్చిందీ వాళ్లే. సూరత్ నైలాన్‌ని నెత్తిన పెట్టుకుంది, ఆ పద్ధతిని పార్సిల్ విప్పకుండా పక్కన పెట్టింది. నేను విప్పాను. వార్పింగ్, బీమ్, నేత, మిల్లు, లేసు, మడత, పంపకం అని వరసగా రంగురంగుల గళ్లు నింపాను. ప్రింటు తీసి మా సేఠ్‌కి చూపిస్తే "డిజైన్ బాగుంది, ఏ చీరకి?" అన్నాడు.

మొదటి గడిలోనే భాద్రపదం అడ్డొచ్చింది. ఆ నెల మొదటి సగం గణపతిది, కారీగర్లు మండపాల దగ్గరుంటారు. రెండో సగం పోయిన పెద్దలది, ఆ పక్షంలో కొత్త బేరం పెట్టుకోవడానికి సేఠ్‌లకి చెయ్యి రాదు. ఆ వెంటనే అమావాస్య, పండగ మొదలయ్యే ఎంగిలిపూల బతుకమ్మ. ఏ సేఠ్‌నైనా నాలుగు రోజులు ఆగమనొచ్చు, చంద్రుణ్ణి ఆగమనలేం. కాబట్టి పని శ్రావణంలోనే ఎత్తుకున్నాం.

నేత చకచకా సాగింది. అయితే మగ్గం ఎక్కేముందు పడుగు చుట్టిన బీమ్ ఓ మూల కూర్చుంది, ఎందుకంటే కొత్త పడుగు పోగుల్ని పాతవాటికి ముడేసే మనిషి గల్లీకి ఒక్కడే. అచ్చు అతికే ఆ మనిషి నా చార్టులో లేడు. వేలకొద్దీ పోగులు, వేళ్ల మధ్య చిటికెలో ముడి, మళ్లీ చిటికెలో ముడి, చూస్తుండగా పూట గడిచింది. అతను లేస్తేనే మగ్గం కదిలింది.

తర్వాత మిల్లు. రంగు మెషిన్ కొద్దిపాటి తాకాల కోసం, అంటే గుడ్డ చుట్టల కోసం, తిరగదు, దాని కడుపు నిండాలి. మా ఎరుపు ఇంకెవరి ఎరుపు కోసమో గేటు దగ్గర ఎదురుచూసింది. ఎప్పుడు ఫోన్ చేసినా మిల్లు మేనేజర్ "థై జశే, భాయ్" అన్నాడు, అంటే అయిపోతుందట. ఎప్పుడో చెబితే ఆ మాటకి అందం పోతుంది.

రంగు వెయ్యని గ్రే తాకా హాస్టల్‌కి పంపిన పిల్లాడిలా మిల్లు నుంచి బక్కచిక్కి వస్తుంది. జాకెట్టు ముక్కతో కలిపి చీరకి 6.30 మీటర్లు. వంద మీటర్ల తాకాకి 15 చీరలు, అంటే 94.5 మీటర్లు. "మిగిలిన ఐదున్నర మీటర్లు ఏడబోయినయ్?" అని పెద్దలు నన్నొక రకంగా చూశారు. వేడికి గుడ్డ కుంచించుకుపోతుందని నేతగాళ్లకే వివరించాల్సి రావడం నా ఉద్యోగంలో అన్నిటికన్నా కష్టమైన ఘట్టం.

చీరలు పండక్కి ముందే వచ్చాయి. ఒకావిడ కొంగుని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి, ట్యూబులైటుకి ఎదురుగా పట్టి, పేక వరస వెతికి, "మంచిగనే ఉన్నది. రంగు ఇంకింత ముదురుంటే బాగుండు" అంది. మావాళ్లలో ఇంతకు మించిన మెప్పు లేదు.

తీరిగ్గా లెక్క వేసుకుంటే చీర మీద ఎవరో ఒకరి చెయ్యి ఆడిన సమయం కొద్దిగంటలే. మిగతా రోజులన్నీ అది మూలనో, గేటు దగ్గరో, టెంపోలోనో కూర్చునే గడిపింది. ఎవరి పని వాళ్లు వేళకే చేశారు, ఒక చేతి నుంచి ఇంకో చేతికి మారే చోటే కాలమంతా కరిగింది. ఆ చోటుకి నా చార్టులో గడి లేదు. సరుకుని ఎక్కడా కూర్చోనివ్వకపోవడమే మేనేజర్ పని అని నాకు జ్ఞానోదయమైంది, పెద్దల ముందు గర్వంగా విప్పి చెప్పాను కూడా.

వాళ్లు మెచ్చుకుని మాఘంలో మార్కండేయ జయంతి భోజనాలు నాకే అప్పజెప్పారు. అక్కడ నా సిద్ధాంతం చెల్లదట. వచ్చినవాళ్లందరినీ బంతుల్లో కూర్చోబెట్టడమే అక్కడి ప్రాజెక్టు.