సాదాబైనామాను నేను

1996లో జనగామ పక్కన ఒక ఊళ్లో, పెద్దమనుషుల నడుమ, తెల్లకాగితం మీద పుట్టాను. ఎకరం ఇరవై గుంటల చెల్క, నాలుగు దిక్కుల హద్దులు, ముట్టిన పైకం, అమ్మినాయన సంతకం, కొన్నాయన వేలిముద్ర, ఇద్దరు సాక్షులు. నాలో ఉన్నది ఇంతే. వంద రూపాయలు, అంతకు మించిన విలువగల భూమి అమ్మకం రిజిస్టరు కావాల్సిందేనని ఆనాడు ఎవరూ అనలేదు. "మాట మీద ఉండేటోళ్లం, ఆఫీసెందుకే" అన్నారు. ఆ మాట మీదే ఉన్నారు కూడా. ఆ చెల్క గట్టు మీదికి ఎవరూ తగువుకు రాలేదు.

తగువు రికార్డుతో వచ్చింది. దున్నేది మావాళ్లు, పహాణీలో పేరు పాత పట్టాదారుది. 2018లో రైతుబంధు మొదలైతే ఎకరానికి 4,000 రూపాయలు ఆయనకే ముట్టాయి. అది ఓర్చుకున్నారు. మరుసటేడు కొన్నాయన అరవై నిండకుండానే పోయాడు. పాసుపుస్తకం లేదు కాబట్టి రైతుబీమా 5 లక్షలు ఆ ఇంటికి రాలేదు. పంట తీసిన మనిషికి రైతన్న పేరు దక్కకపోవడం కన్నా పెద్ద అన్యాయం నేను చూడలేదు.

2020 అక్టోబరు 12 నుంచి నవంబరు 10 దాకా ప్రభుత్వం దరఖాస్తులు తీసుకుంది. కొడుకు మీసేవలో నా నకలు పెట్టాడు. ఆ అక్టోబరులోనే అమల్లోకి వచ్చిన కొత్త ఆర్వోఆర్ చట్టంలో మాలాంటి కాగితాలకు సెక్షనే లేదు. విషయం హైకోర్టులో ఆగింది. 2025లో భూభారతి చట్టం ఆరో సెక్షను మాకు చోటిచ్చింది. 2014 జూన్ 2కు ముందు కొని, పన్నెండేళ్లుగా సాగులో ఉన్న చిన్న, సన్నకారు రైతుకే అది వర్తిస్తుంది. 2020 నాటి ఆ దరఖాస్తూ ఉండాలి. అందుకే మీసేవ రసీదును మాతోపాటే పెట్టెలో దాచండి.

మహబూబాబాద్ జిల్లా కొత్తగూడ వంటి ఏజెన్సీ మండలాల్లో సంగతి వేరు. 1/70 చట్టం ప్రకారం అక్కడ గిరిజనేతరుల పేర భూమి బదిలీ చెల్లదు. గిరిజనుడి చేను కాజేయడానికి నాలాంటి కాగితం రాస్తే దాన్ని నా తోబుట్టువుగా ఒప్పుకోను.

భూపాలపల్లి వైపు, కొన్నాయన భార్య చెల్లెలి ఊళ్లో మరో గోస. సంఘం స్థలాన్ని అధ్యక్షుడి పేర కొన్నారు. ఆయన పోయాక కొడుకులు తమదే అంటున్నారు. ఏడుగురు కలిసి 2001 సొసైటీల చట్టం కింద రిజిస్టరు చేసుకుని ఉంటే స్థలం సంఘం పేరుమీదే ఉండేది.

2022 జూన్ 2 నుంచి జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలకూ సొంత జిల్లా కోర్టులున్నాయి. న్యాయసేవాధికార సంస్థలో ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. 15100కు ఫోను చేసినా చాలు. కొన్నాయన భార్య నన్ను అక్కడికే తీసుకుపోయింది. వకీలమ్మ మడతలు విప్పి చదివింది.

"సాక్షులు ఉన్నరా అమ్మా?"

"ఒకాయన ఉన్నడు బిడ్డా."

"అమ్మినాయన కొడుకులు?"

"పట్నంల ఉంటరు. పెద్దోడు వచ్చి చెప్తనన్నడు."

ఆర్డీవో విచారణకు ఆ ఇద్దరినీ తీసుకురమ్మని చెప్పి, హద్దుల్లో ఉన్న పక్క చేల రైతుల పేర్లు రాసుకుంది.